ఇరవై ఒక్క పత్రిలో గన్నేరు, ఉమ్మెత్త కూడా ఉన్నాయి: ఆచారాన్ని మందుగా చెప్పుకోవచ్చా?

తులసికోట

సభ్యులందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా మనసులో మెదులుతున్న విషయం కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవగలరు.

మొన్న వినాయక చవితి వెళ్లిన మూడోనాడు స్వామికి ఉద్వాసన చెప్పి, పత్రినంతా ఒక బుట్టలోకి ఎత్తి నిమజ్జనానికి సిద్ధం చేస్తుండగా, మా పక్కింటి పెద్దమ్మగారు ఆ బుట్టలోంచి రెండు గుప్పిళ్ల ఆకులు తీసుకువెళ్లి పొయ్యిమీద నీళ్లలో మరగబెట్టారు. మనుమడికి జలుబు చేసిందట. ఇరవై ఒక్క ఆకులూ ఔషధాలేనని, పూజ చేసినవి కనుక మరింత శ్రేష్ఠమని ఫోనులో వచ్చిన సందేశం చదివి ఆవిడ ఆ పనికి పూనుకున్నారు. నేను ఏదో పనిమీద వాళ్ల వంటింట్లోకి వెళ్లి గిన్నెలోకి తొంగి చూశాను. తులసి, మరువం, మామిడి ఆకుల మధ్య సన్నగా, పొడుగ్గా, దళసరిగా, నడిమి ఈనె తెల్లగా తేలిన ఆకులు నాలుగైదు కనిపించాయి. అవి గన్నేరు ఆకులు. మా పుట్టింట్లో పశువులు గన్నేరు మేస్తాయేమోనని నాన్నగారు ఎప్పుడూ కంచె దగ్గర కనిపెట్టుకుని ఉండేవారు, అందువల్ల ఆ ఆకును నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను. ఆవిడకు నచ్చజెప్పి గిన్నె పారబోయించాను గాని, పిల్లవాడు అప్పటికే ఒక గుక్క తాగి ఉంటే ఏమయ్యేదన్న భయం ఇంకా పోలేదు.

నా ప్రశ్న ఇది. మన పూజల్లో, వ్రతాల్లో, పండుగల్లో ఉన్న ప్రతిదానికీ ఒక ఆరోగ్య రహస్యం ఉందని చెప్పడం ఈ మధ్య బాగా ఎక్కువైంది. పెద్దలు నిజంగా అలా ఉద్దేశించే ఈ ఆచారాలు పెట్టారా? ఆయుర్వేద గ్రంథాలు దీని గురించి ఏమంటున్నాయి? తెలిసినవారు చెప్పగలరు.

పౌరోహితుడు

అమ్మా, మీరు సమయానికి అక్కడికి వెళ్లడం ఆ భగవంతుడి దయ. నేను ముప్పై ఏళ్లుగా ఇళ్లలో వ్రతాలు చేయిస్తున్నవాడిని. పూజావిధానం చెప్పే వ్రతకల్పంలో ఏముందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఏకవింశతి పత్రపూజలో ప్రతి ఆకుకూ స్వామి నామం ఒకటి ఉంటుంది. సుముఖాయ నమః అని మాచీపత్రం, గణాధిపాయ నమః అని బృహతీపత్రం, ఉమాపుత్రాయ నమః అని బిల్వపత్రం, హరసూనవే నమః అని దత్తూరపత్రం, వికటాయ నమః అని కరవీరపత్రం, కపిలాయ నమః అని అర్కపత్రం సమర్పిస్తాం. దత్తూరం అంటే ఉమ్మెత్త, కరవీరం అంటే గన్నేరు, అర్కం అంటే జిల్లేడు. ప్రతి నామం చివరా "పూజయామి" అన్న మాటే ఉంది తప్ప ఈ ఆకు ఈ రోగానికి మందు అన్న మాట కల్పంలో ఎక్కడా లేదు.

ఆరోగ్యం ప్రస్తావన లేదా అంటే, ఉంది. అది సంకల్పంలో ఉంది. "క్షేమ స్థైర్య వీర్య విజయ అభయ ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధ్యర్థం" అని గోత్రనామాలతో సంకల్పం చెప్పుకుంటాం కదా, అక్కడ ఆరోగ్యాన్ని స్వామిని అడుగుతున్నాం. ఆకులు ఆయనకు సమర్పించేవి. అడిగేది ఎవరిని, అర్పించేది దేనిని అన్న తేడా గుర్తుంటే ఆకులను గిన్నెలో వేయాలన్న ఆలోచన రాదు. పరమేశ్వరుడికి కూడా ఉమ్మెత్తపూలు ప్రీతి అని సమర్పిస్తాం, విషాన్ని కంఠంలో నిలిపినవాడు కనుక ఆయనకు అది తగింది.

కృష్ణాతీరం

తులసికోట గారి భయం న్యాయమైనదే. అయినా దాన్ని పట్టుకుని ఆచారాలకూ ఆరోగ్యానికీ సంబంధమే లేదని తేల్చేయడం నాకు సమ్మతం కాదు.

నాకు ఇద్దరు పిల్లలు. పదహారేళ్ల అమ్మాయికి "పెద్దలు చేశారు, నువ్వూ చెయ్యి" అని చెబితే వినదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎందుకు వేస్తామో, సంక్రాంతికి నువ్వులు ఎందుకు తింటామో, దీపావళి తెల్లవారుజామున తలంటు ఎందుకో చెబితే ఆసక్తిగా వింటుంది, చేస్తుంది కూడా. మన పెద్దల జ్ఞానం ఊహలమీద నిలిచింది కాదు. పసుపు గాయాలను మాన్పుతుందన్న సంగతిమీద 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పాత సంస్కృత గ్రంథాల ఆధారాలతో సహా వాదించగా 1997లో దాన్ని రద్దు చేశారు. వేప విషయంలోనూ ఐరోపా పేటెంటు కార్యాలయం 2000లో అలాగే చేయవలసి వచ్చింది. సర్పగంధి వేరును మన వైద్యులు వందల ఏళ్లుగా వాడుతూ వచ్చారు, దాని నుంచి 1952లో వేరుచేసిన రెసెర్పిన్ రక్తపోటుకు ప్రపంచమంతటా మందైంది. ఇంత చరిత్ర ఉండగా ఆరోగ్యం మాట ఎత్తవద్దంటే, పిల్లలకు మనం చేతులారా గుడ్డి ఆచారమే మిగిల్చినవాళ్లమవుతాం.

సంహితాపాఠి

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన చరిత్ర అంతా నిజమే. అయితే మీ ఉదాహరణలను జాగ్రత్తగా చూడండి. పసుపు, వేప, సర్పగంధి మందులుగా నిలిచింది వైద్య గ్రంథాల బలంమీద, వైద్యుల వాడుకమీద, పరీక్షమీద. పూజా కల్పంలో పేరు ఉన్నందువల్ల కాదు. మన సంప్రదాయంలో వైద్యానికి వేరే శాస్త్రం, వేరే గురుపరంపర, వేరే ప్రమాణాలు ఉన్నాయి. ఆయుర్వేదంలో ప్రమాణమైన చరక సంహిత 8 స్థానాలు, అంటే భాగాలు, 120 అధ్యాయాల గ్రంథం. పునర్వసు ఆత్రేయుడు బోధించగా అగ్నివేశుడు రచించి, చరకుడు సంస్కరించి, చివరి భాగాలను దృఢబలుడు పూరించాడు. ఆకు చూడగానే మందని చెప్పగలిగితే ఇంత శ్రమ వారికి ఎందుకు?

ఆ గ్రంథం సూత్రస్థానం 11వ అధ్యాయంలో ఔషధాన్ని మూడు విధాలుగా విభజించారు. మంత్రం, హోమం, బలి, ఉపవాసం, ప్రాయశ్చిత్తం, తీర్థయాత్ర వంటివి దైవవ్యపాశ్రయం. ఆహారాన్నీ మందులనూ యుక్తిగా కూర్చడం యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాల నుంచి మనసును మళ్లించడం సత్త్వావజయం. ఈ మూడింటినీ ఒకదానిలో ఒకటి కలిపేయలేదు, ఒకదానికోసం మరొకటి మానుకోమనీ చెప్పలేదు. చికిత్సాస్థానంలో జ్వరాధ్యాయం చూడండి. వేయి నామాలతో విష్ణువును స్తుతిస్తే జ్వరాలన్నీ పోతాయని అక్కడే ఉంది, వాత పిత్త కఫ దోషాన్ని బట్టి, జ్వరం ఎన్నాళ్లదన్న దాన్ని బట్టి ఇవ్వవలసిన కషాయాలు, ఘృతాలు (మందు నేతులు), లంఘనం (పస్తు) కూడా అక్కడే ఉన్నాయి. విష్ణుసహస్రనామ పారాయణవల్ల ఊపిరితిత్తులకు వ్యాయామం అవుతుందని చరకుడు చెప్పలేదు. పారాయణాన్ని పారాయణంగా చెప్పి, కషాయాన్ని కషాయంగా చెప్పాడు. నాకు ఆ నిజాయితీ అంటే ఎంతో గౌరవం.

ఇక గన్నేరు గిన్నె సంగతి. దానికి సరిపోయే మాట సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఉంది:

యోగాదపి విషం తీక్ష్ణముత్తమం భేషజం భవేత్ |
భేషజం చాపి దుర్యుక్తం తీక్ష్ణం సంపద్యతే విషమ్ ||

యుక్తిగా వాడితే తీక్ష్ణమైన విషం కూడా ఉత్తమమైన మందవుతుంది, యుక్తి తప్పితే మందే తీక్ష్ణమైన విషమవుతుంది. దానికి కొంచెం ముందు, తెలియని ఔషధం విషంలాంటిది, శస్త్రంలాంటిది, అగ్నిలాంటిది, పిడుగులాంటిది అని, తెలిసిన ఔషధం అమృతంలాంటిది అని కూడా అన్నారు. ఫోను సందేశం చదివి కషాయం కాచేవారికి ఇంతకంటే సూటిగా చెప్పలేం.

ఆచారంలో ఆరోగ్యం అసలు లేదని నేను అనను. శాస్త్రం ఆరోగ్యం కోసం చెప్పినచోట ఆ మాట నేరుగానే చెప్పింది. వాగ్భటుడి వైద్యగ్రంథం అష్టాంగహృదయం సూత్రస్థానంలో రెండవ అధ్యాయం దినచర్య, మూడవది ఋతుచర్య. "బ్రాహ్మే ముహూర్త ఉత్తిష్ఠేత్ స్వస్థో రక్షార్థమాయుషః" అన్నప్పుడు ఆయువును కాపాడుకోవడానికి లేవమని కారణంతో సహా వాగ్భటుడు చెప్పాడు. ఆ వాక్యంలో "స్వస్థః" అన్న మాటను చాలామంది వదిలేసి చదువుతారు. ఆరోగ్యంగా ఉన్నవాడు లేవాలి అన్నారు, జ్వరంతో ఉన్నవాడిని లేపమని చెప్పలేదు. ఒక ఋతువు చివరి ఏడు రోజులు, తరువాతి ఋతువు మొదటి ఏడు రోజులు ఋతుసంధి అని, అప్పుడు పాత అలవాట్లను మెల్లగా విడిచి కొత్తవాటిని మెల్లగా పట్టుకోవాలని కూడా అక్కడ ఉంది. మీ అమ్మాయికి తలంటు గురించి, నువ్వుల గురించి చెప్పదలిస్తే ఋతుచర్యాధ్యాయం తెరిచి చెప్పండి. హేమంతంలో అభ్యంగనం, స్నిగ్ధమైన (నెయ్యి, నూనె గల) ఆహారం ఎందుకో అందులో కారణాలతో ఉంది.

వైద్యశాల

నేను ఆయుర్వేద వైద్యురాలిని. ఒక చిన్న పట్టణంలో పదిహేనేళ్లుగా వైద్యం చేస్తున్నాను. సంహితాపాఠి గారు శాస్త్రం చెప్పారు, నేను రోగుల వైపు నుంచి, చట్టం వైపు నుంచి చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి.

గన్నేరులో గుండె లయను దెబ్బతీసే గ్లైకోసైడ్లనే రసాయనాలు ఉంటాయి, మరిగించినంత మాత్రాన అవి పోవు. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపలమైన్ అనే విషపదార్థాలు ఉంటాయి. తిన్నవారికి నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మాట తడబడుతుంది, మనుషులను గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. రథసప్తమి నాడు తలమీద, భుజాలమీద జిల్లేడు ఆకులు పెట్టుకుని స్నానం చేసేవారు ఆకును తుంచిన వెంటనే పెట్టుకోకుండా, తొడిమ దగ్గర పాలు కారడం ఆగిన తరువాత కడిగి పెట్టుకోవడం మేలు. చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త అవసరం.

ఈ మూడు మొక్కలూ 1945 నాటి ఔషధ నియమాలలోని షెడ్యూలు ఇ(1)లో, అంటే ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యాలలో వాడే విషద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. లోపలికి తీసుకునే మందులో వీటిలో ఏది ఉన్నా, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసామీద ఉండాలి. మా శాస్త్రంలో ఉమ్మెత్త గింజలను దోలాయంత్రంలో, అంటే ద్రవం మరిగే కుండలో మూటగట్టి, వేలాడదీసి శోధన (విషశుద్ధి) చేస్తే గాని మందులలో చేర్చరు. ఆ శోధన ఎలా చేయాలో నేర్చుకోవడానికే చదువు కావాలి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. రోగులు వీధి చివర కొన్న భస్మాల పొట్లాలు తెచ్చి చూపిస్తారు. తయారు చేసినవారి పేరు ఉండదు, లైసెన్సు సంఖ్య ఉండదు. 2004లో అమెరికాలోని బోస్టన్ దుకాణాలలో దొరికే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో కనీసం ఒకటి ప్రమాదకరమైన మోతాదులో బయటపడింది. ఆ వార్త వచ్చినప్పుడు మావాళ్లు చాలామంది కోపగించుకున్నారు, నాకు మాత్రం సిగ్గువేసింది. శాస్త్రాన్ని ప్రేమించేవారు మొదట అడగవలసిన ప్రశ్న, ఇది శుద్ధి చేసినదేనా, ఎవరు చేశారు, ఎంత మోతాదులో ఇవ్వాలి అన్నది.

గోరింట

ఈ చర్చ చూసి మా అమ్మగారి విషయం చెప్పాలనిపించింది. అమ్మకు డెబ్బై ఒక్క ఏళ్లు, పదకొండేళ్లుగా మధుమేహం. ప్రతి ఏకాదశికీ నిర్జల ఉపవాసం ఉంటారు. "ఉపవాసం శరీరానికి విశ్రాంతి, చక్కెర దానంతట అదే తగ్గుతుంది" అని ఎక్కడో చదివి మొన్న వైకుంఠ ఏకాదశికి మాత్రలు మాత్రం యథాప్రకారం వేసుకుని, ఏమీ తినకుండా తెల్లవారుజామున గుడిలో వరుసలో నిలబడ్డారు. వరుసలోనే చెమటలు పట్టి, చేతులు వణికి, నేనెవరో తెలియనట్టు చూశారు. పక్కనున్న ఒక తల్లి తన పిల్లవాడి పాలసీసాలో చక్కెర కలిపి ఇచ్చింది. ఆసుపత్రికి చేర్చాక చూస్తే రక్తంలో చక్కెర అప్పటికీ 58 ఉంది.

ఇప్పుడు అమ్మకు రెండు బాధలు. ఒకటి శరీరానిది. రెండోది, పాలు తాగడంవల్ల వ్రతభంగం అయిందన్న దిగులు. రెండోదే ఆవిడను ఎక్కువ కుంగదీస్తోంది. దీనికి శాస్త్రంలో సమాధానం ఏదైనా ఉందా?

పౌరోహితుడు

ఉందమ్మా. మీ అమ్మగారికి ఇది చదివి వినిపించండి. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు చెప్పిన మాట:

అష్టౌ తాన్యవ్రతఘ్నాని ఆపో మూలం ఫలం పయః |
హవిర్బ్రాహ్మణకామ్యా చ గురోర్వచనమౌషధమ్ ||

నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం, ఈ ఎనిమిదీ వ్రతాన్ని చెరపవు. ఆవిడ తాగింది పాలు, తాగింది ఔషధంగా, అంటే ఈ శ్లోకంలో రెండు చోట్ల ఆవిడకు రక్షణ ఉంది. ఏకాదశీ ఉపవాసానికి వయసు చెప్పినచోట కూడా ఎనిమిదేళ్లు దాటి ఎనభై నిండనివారు అన్నారు, అశక్తులకు పాలు, పండ్లు, హవిష్యాన్నం వంటి మార్గాలు చూపించారు. ధర్మశాస్త్రం మనిషి శక్తిని చూడకుండా మాట్లాడదు.

వ్రతభంగం కాలేదని నా మాటగా చెప్పండి. ఆ పాలు ఇచ్చిన తల్లి ఆనాడు గుడి బయటనే వైకుంఠ ద్వారం తెరిచింది.

వైద్యశాల

గోరింట గారూ, శాస్త్రం మార్గం చూపింది కనుక వైద్యం వైపు నుంచి కూడా దాన్ని సరిచేసుకోవాలి. మధుమేహానికి వాడే మాత్రలన్నీ ఒకేలా పనిచేయవు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకుంటూ తిండి మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఆ ప్రమాదం తక్కువ. 70 కంటే తగ్గితే వెంటనే పదిహేను గ్రాముల గ్లూకోజుగాని చక్కెరగాని నోటి ద్వారా ఇచ్చి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. ఏకాదశికి వారం ముందే మీ వైద్యుడిని కలిసి, ఆ రోజు ఏ మాత్ర మానాలో, ఏది ఎంత తగ్గించాలో రాయించుకోండి. ఆయన అల్లోపతి వైద్యుడైనా సంకోచించకుండా వ్రతం సంగతి చెప్పండి.

ఇక్కడ చరకుడి మాట ఒకటి గుర్తుకొస్తుంది. చికిత్సకు వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలు. రోగికి ఉండవలసిన గుణాలలో ఒకటి జ్ఞాపకత్వం, అంటే తన విషయాలన్నీ వైద్యుడికి తెలియజేయడం. మా దగ్గరకు వచ్చేవారు అల్లోపతి మాత్రల సంగతి దాస్తారు, అక్కడికి వెళ్లినప్పుడు మా లేహ్యాల సంగతి, ఇంట్లో కాచుకునే తిప్పతీగ కషాయం సంగతి దాస్తారు. కొవిడ్ రోజుల్లో తిప్పతీగను అతిగా, నెలల తరబడి తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలను మన దేశపు వైద్యులే నమోదు చేశారు. వాళ్లు ముందే చెప్పి ఉంటే ఆపమని చెప్పడానికి మాకు అవకాశం ఉండేది.

కృష్ణాతీరం

గోరింట గారి అనుభవం చదివాక నా పాత సందేశాన్ని మరోసారి చదువుకున్నాను. "ఉపవాసం శరీరానికి విశ్రాంతి" అన్న మాట నేను కూడా మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నదే. ఆరోగ్య కారణం చెబితే పిల్లలు ఆచారానికి దగ్గరవుతారనుకున్నాను గాని, ఆ కారణమే ఒక పెద్దావిడను మాత్రలు వేసుకుని పస్తుండేలా చేయగలదని ఆలోచించలేదు.

అయినా నా చిక్కు పూర్తిగా తీరలేదు. ఆరోగ్యం కోసం అని చెప్పకపోతే, ఎందుకు చేయాలి అని పిల్ల అడిగినప్పుడు ఏమి చెప్పాలి?

సంహితాపాఠి

ధర్మం కోసం, కృతజ్ఞత కోసం అని చెప్పవచ్చు. పిల్లలకు అది అర్థం కాదనుకోవడం మన పొరపాటు. దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు మనిషి ఋణపడి పుడతాడని శాస్త్రం. గృహస్థుకు నిత్యం చేయవలసినవి ఐదు యజ్ఞాలు: అధ్యయనం బ్రహ్మయజ్ఞం, హోమం దేవయజ్ఞం, తర్పణం పితృయజ్ఞం, అతిథిపూజ మనుష్యయజ్ఞం, కాకికీ కుక్కకూ చీమకూ పెట్టే బలి భూతయజ్ఞం. వీటిలో భూతయజ్ఞానికి ఆరోగ్య కారణం వెతకండి చూద్దాం. కాకికి ముద్ద పెడితే మన రక్తపోటు ఏమీ తగ్గదు. అయినా పెడతాం, ఎందుకంటే ఈ ఇంటి అన్నంలో దానికీ వాటా ఉంది. పదహారేళ్ల పిల్లకు ఈ మాట బాగానే తెలుస్తుంది.

ఆరోగ్యం ఎక్కడ వస్తుందో కూడా చరకుడే చెప్పాడు. "ధర్మార్థకామమోక్షాణామారోగ్యం మూలముత్తమమ్." ఆరోగ్యం ధర్మానికి మూలం, అంటే ధర్మం చేయడానికి ఆరోగ్యం కావాలి. మనం దాన్ని తలకిందులు చేసి ఆరోగ్యం కోసం ధర్మం అంటున్నాం. అలా అన్నాక, రేపు ఎవరైనా ఈ ఆచారంవల్ల ఆరోగ్యానికి లాభం లేదని పరీక్షచేసి చూపిస్తే, ఆచారం విడిచిపెట్టవలసిందే కదా? సంధ్యావందనాన్ని అలాంటి తక్కెడలో ఎందుకు పెట్టాలి?

మందులచీటీ

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. శాస్త్రం చదవలేదు. నాలుగు పాదాలలో పరిచారకుడు ఒక పాదమని వైద్యశాల గారు రాశారు, ఆ పరిచారకుడికి ఏ గుణాలు చెప్పారో తెలుసుకోవాలని ఉంది. మా నాన్నగారు పక్షవాతంతో మంచంలో ఉన్న నాలుగేళ్లలో, గుడికి వెళ్లలేకపోతున్నానని, నోములు మానేశానని బంధువులు చాలా మాటలన్నారు. రెండు గంటలకొకసారి ఆయనను పక్కకు తిప్పి, వీపు తుడిచి, మంచంమీద ఒరుపుల పుండ్లు పడకుండా చూసుకునేదాన్ని. పూజ గదిలో దీపం పెట్టడానికే సమయం చిక్కని రోజులున్నాయి.

వైద్యశాల

అమ్మా, సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయంలో పరిచారకుడికి నాలుగు గుణాలు చెప్పారు: ఉపచారం తెలిసి ఉండడం, దాక్ష్యం, రోగిమీద అనురాగం, శౌచం. పక్కకు తిప్పే సమయం తెలియడం మొదటిది, ఒరుపు పడకుండా తిప్పగలగడం రెండవది, నాలుగేళ్లు విసుగు లేకుండా చేయడం మూడవది, వీపు తుడవడం నాలుగవది. మీరు చదవలేదన్నారు గాని, చదివిన నాకంటే ఆ శ్లోకం మీకే బాగా తెలుసు.

పౌరోహితుడు

ఆ నాలుగేళ్లూ మీరు చేసింది పితృసేవ. ఇల్లు విడిచి గుడికి వెళ్లలేదన్న దోషం మీకు అంటదు. ఆ మాటలన్నవారిలో ఎవరైనా ఒక రాత్రి వచ్చి మీ బదులు మేలుకుని ఉంటే, వారికీ అందులో పుణ్యం దక్కేది.

తులసికోట

అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా చాలదు. ఒక అనుమానం మిగిలింది. మందు కోసం మొక్కను కోసేటప్పుడు మా నాయనమ్మ దానికి దణ్ణం పెట్టి ఏదో చెప్పుకునేది. అది ఆచారమా, వైద్యమా?

సంహితాపాఠి

ఋగ్వేదం పదవ మండలంలో 97వ సూక్తం ఓషధీ సూక్తం, 23 ఋక్కులు. ఓషధులను తల్లులారా అని పిలిచి, వాటికి నూటయేడు స్థానాలున్నాయని చెబుతుంది. అందులో వేరు తవ్వేవాడి ప్రార్థన ఒకటి ఉంది: "మా వో రిషత్ ఖనితా యస్మై చాహం ఖనామి వః." మిమ్మల్ని తవ్వుతున్న నాకు హాని కలగకూడదు, ఎవరికోసం తవ్వుతున్నానో అతనికీ హాని కలగకూడదు అని. మీ నాయనమ్మ ఈ ఋక్కును విని ఉండకపోవచ్చు గాని ఆ భావం ఆవిడ చేతిలో ఉంది. దణ్ణం పెట్టడం ఆచారం. ఏ మొక్కకు దణ్ణం పెడుతున్నానో ఆనవాలు పట్టి, ఏ భాగం, ఏ ఋతువులో, ఎంత తీయాలో తెలుసుకోవడం వైద్యం. ఆవిడకు రెండూ తెలుసు కనుక ఆ రెండూ ఒకే క్షణంలో జరిగేవి, మనకు ఒకటిగా కనిపించేవి.

తులసికోట

మా నాయనమ్మ సంగతి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నిన్న పక్కింటి పెద్దమ్మగారితో కూర్చుని ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. షెడ్యూలు మాట దగ్గర ఆవిడ మారుమాట్లాడలేదు గాని, వికటాయ నమః అన్న నామం దగ్గర ఆపి, గన్నేరుకు ఆ పేరే పెట్టారా అని అడిగి రెండుసార్లు చదివించుకున్నారు.

వచ్చే చవితికి మా వీధిలో పత్రి తెచ్చే పని నేను తీసుకుంటున్నాను. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు విడిగా ఒక ఆకుదొప్పలో పెట్టి, వాటి పేర్లు చీటీమీద రాసి పళ్లెంలో ఉంచుతాను. పౌరోహితుడు గారూ, ఉద్వాసన తరువాత ఆ దొప్పను చెరువులో కాకుండా చెట్టు మొదట్లో గొయ్యి తీసి కప్పితే దోషం ఉంటుందా? చెరువులో పశువులు నీళ్లు తాగుతాయి.

పౌరోహితుడు

దోషం లేదమ్మా. ఎవరూ తొక్కని చోట, పశువులు తవ్వి తీయనంత లోతుగా కప్పండి. ఆ చీటీమీద నామాలు కూడా రాస్తారు కనుక, కప్పే ముందు చీటీని మాత్రం బయటికి తీసి మరుసటి ఏడాదికి దాచుకోండి.